మూడో గొంతు

మా ఆయన ఇకమీద నన్ను గుర్తుపట్టకపోయినా నాకు అభ్యంతరం లేదని నేను సంతకం పెట్టిన కాగితం ఆ ఆదివారం నా సంచిలో, పులిహోర డబ్బాకూ మంచినీళ్ళ సీసాకూ మధ్య మడతపెట్టి ఉంది. పెంగ్విన్ పిల్లల్ని చూడ్డానికి ఇద్దరాడపిల్లలతో బయల్దేరిన సంసారి సంచిలో అలాంటి కాగితం ఉంటుందని బస్సులో ఎవరూ అనుకుని ఉండరు. పక్క సీటావిడైతే డబ్బా వాసన పట్టి, ఇంగువ ఒక పిసరు ఎక్కువ పడినట్టుందని కూడా చెప్పింది.

మొదట్నించీ చెబుతాను. మా ఆయన గౌరీశ్వరరావుగారు కంచరపాలెంలో టైలరు. వీధి వీధంతా గౌరి మాస్టరంటారు. మూడేళ్ళ కిందట మెదడువాపు జ్వరం వచ్చి, ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, బతికి బయటపడ్డారు. మాటా నడకా పనీ అన్నీ తిరిగొచ్చాయి. మనుషులు మాత్రం రాలేదు. ముఖం కనిపించేది, గొంతు వినిపించేది, కానీ వీళ్ళు మనవాళ్ళు అన్న భావం లోపల్నించి వచ్చేది కాదు. ఇంటికొచ్చిన రోజున ఆయన నా ఎదురుగా కూర్చుని, తప్పు చేసినవాడిలా తలొంచుకుని ఒక మాటన్నారు.

"నువ్వు అమ్మాజీవని నాకు తెలుసు. ఆకుపచ్చ సీర కట్టుకున్నావని డాక్టరు సెప్పాడు గనక తెలుసు. అంతేనే, ఇంకేటీ తెలీటం లేదు."

ఆ మాట పట్టుకుని రెండేళ్ళు ఆకుపచ్చ చీరలే కట్టాను. పెళ్ళికీ అదే, పేరంటానికీ అదే. పేరంటాల్లో నాకు చిలకమ్మ అని పేరు పెట్టారు. పిల్లలిద్దరికీ రిబ్బన్లు ఏర్పాటు చేశాను. పెద్దది ధాత్రికి పసుపు, చిన్నది తన్మయికి ఎరుపు. ఆయన రిబ్బను చూసుకుని, పేరు గుర్తు తెచ్చుకుని, అప్పుడు పలకరించేవారు. విచిత్రం ఏమిటంటే కొలతలు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు. జాకెట్టు కుట్టించుకోడానికి వచ్చినావిడ ఎవరో తెలిసేది కాదు గానీ, టేపు భుజం మీద వేసేసరికి పదమూడున్నర, రవణమ్మగారు, అని ఠక్కున చెప్పేసేవారు. ఇంట్లోవాళ్ళని పలకరించడానికి పొద్దస్తమానం టేపు వెయ్యలేరు కదా. పైగా తన్మయి ఎదిగే పిల్ల, కొలత మూణ్ణెల్లకోసారి మారిపోయేది.

అప్పుడు డాక్టర్ రెహానా గారి సంగతి తెలిసింది. ఋషికొండ దగ్గర సముద్రపొడ్డున కట్టిన అక్వేరియంలో కింద జనం చూసే పెంగ్విన్లు, మేడ మీద ఆవిడ పరిశోధనశాల. ఆవిడ తయారుచేసిన దాని పేరు ఆచూకీ. చొక్కా గుండీ అంత ఉంటుంది. ఎడమ చెవి వెనక చర్మం కింద పెడతారు. పెంగ్విన్ సముద్రంలో మేత పట్టుకుని ఒడ్డుకొస్తే, ఒకేలా ఉండే వేల పిల్లల్లో తన పిల్లని కేవలం గొంతుతో పట్టుకుంటుంది. ఆ పట్టుకోవడం దాని మెదడులో ఏ దారిన జరుగుతుందో ఆవిడ పదేళ్ళు తవ్వి తెలుసుకున్నారు. మా ఆయన తలలో తెగిపోయినచోట అదే పద్ధతిలో దారి వేశారు. ఒక గొంతు వినగా వినగా గుండీకి ఎక్కుతుంది. ఎక్కితే చాలు, ఆ గొంతు వినపడగానే మనవాళ్ళన్న భావం దానంతటదే పుట్టుకొస్తుంది. ఒకటే చిక్కు. ఇదంతా ఏడాదిలోపు జరగాలి. ఏడాది దాటితే ఆ దారి గట్టిపడిపోతుంది, ఆ తర్వాత కొత్త గొంతు ఎక్కదు.

నా గొంతు పంతొమ్మిది రోజులకి ఎక్కింది. ఆకుపచ్చ చీరలన్నీ ఉతికి ఆరేసి ఉంటే ఆవేళ పాత నీలం చీర చుట్టుకుని, వంటింట్లోంచి, ఉప్మాలోకి ఉల్లిపాయ వెయ్యనా వద్దా అని అరిచాను. తిరిగి చూస్తే గుమ్మంలో నిలబడి ఉన్నారు, కళ్ళు ధారగా కారుతున్నాయి. రంగు చూడకుండా, లెక్క వేసుకోకుండా, అమ్మాజీ అన్నారు. ఆ ఉప్మా మాడిపోయింది. మాడిన ఉప్మానే నలుగురం తిన్నాం.

ధాత్రి గొంతు రెండో నెలలో ఎక్కింది. తన్మయిది ఎక్కలేదు.

నెలకోసారి పరిశోధనశాలకి వెళ్ళేవాళ్ళం. ఆయన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, వెనకనుంచి మమ్మల్ని ఒక్కొక్కరినే పిలవమనేవారు. డాక్టరమ్మ చేతిలో పలకంత యంత్రం, దాని మీద మూడు దీపాలు. నేను పిలిస్తే ఆకుపచ్చది, ధాత్రి పిలిస్తే పసుపుది వెలిగేది. తన్మయి నాన్నా అంటే మళ్ళీ పసుపుదే వెలిగేది. దానికోసం పెట్టిన తెల్లదీపం వెలగనే లేదు. పది నెలలు ఇదే వరస. చివరికి డాక్టరమ్మ తన మనసులో అనుమానం చెప్పారు. ఆవిడ పరిశోధించిన పెంగ్విన్లు ఏడాదికి ఒక్క గుడ్డే పెట్టే జాతి. జతకో గొంతు, పిల్లకో గొంతు, దాని మెదడులో ఉన్నది రెండు చోట్లేనేమో, మూడో గొంతు వెళ్ళి రెండోదాంట్లో కలిసిపోతోందేమో అన్నారు. ఆవిడ తప్పు లేదు. అక్కచెల్లెళ్ళ గొంతులు ఒకలా ఉండటం లోకంలో ఉన్నదే.

ఏడాది గడువు ఆ ఆదివారం మర్నాటితో అయిపోతుంది. ఆఖరి దారి ఒకటుందని ఆవిడ చాలా నాన్చి చెప్పారు. ఉన్న రెండు గొంతుల్లో ఒకటి తీసేస్తే ఆ చోటు మూడు నెలలపాటు మళ్ళీ తెరుచుకుంటుంది. తన్మయిని అందులో ఎక్కించవచ్చు. తీసేసినవాళ్ళ గొంతు మటుకు మళ్ళీ ఎప్పటికీ ఎక్కదు. ఎవరి గొంతు తీస్తున్నారో వాళ్ళ సంతకమూ, మా ఆయన సంతకమూ కావాలి. వారం రోజులు ఆలోచించాను. అబద్ధం ఎందుకు, ఏడ్చాను కూడా. ఉప్మానాటి ముఖం గుర్తొచ్చినప్పుడల్లా చెయ్యి వెనక్కి పోయేది. కానీ ఏడేళ్ళ పిల్ల తండ్రి ఎదుట రిబ్బను సరిచేసుకుని నిలబడుతుంటే చూస్తూ ఎన్నాళ్ళుంటాను. నాకైతే ఆకుపచ్చ చీరలు ఎలాగూ ఉన్నాయి. సంతకం పెట్టేశాను. ఆయనకి సాయంత్రం చెబుదామనుకున్నాను. అంతవరకూ కనీసం పెంగ్విన్లనైనా హాయిగా చూడనీ అనిపించింది.

డాక్టరమ్మే రమ్మన్నారు. రెండు గుడ్లు పెట్టే జాతిని కొత్తగా తెచ్చారట, పిల్లలు పుట్టి నెల దాటిందట, ఆదివారం జనానికి చూపిస్తున్నారట. పిల్లల్ని తీసుకురండి, కాగితం సంగతి ఆఖర్న చూద్దాం అన్నారు.

బస్సు బీచిరోడ్డెక్కగానే వెనక సీట్లోంచి పిలుపు వినిపించింది. "నాన్నా, సముద్రం."

"ఔనమ్మా ధాత్రీ, ఎంత బాగుందో సూడు" అని ఆయన నవ్వు ముఖంతో వెనక్కి తిరిగారు. పిలిచింది తన్మయి. ఎర్ర రిబ్బను చూడగానే ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉండి, దాని వెనక ఉన్నది మాత్రం వెళ్ళిపోయింది. ఓహో, తన్మయమ్మా, సముద్రం చూస్తున్నావా, అని పైపై మాటలు నాలుగు మాట్లాడారు. బట్ట ఇవ్వడానికొచ్చిన కొత్త మనిషితో మాట్లాడే మర్యాద అది. ఏడాదిగా ఇదే చూస్తున్నాను. తన్మయికి అన్నీ అక్క పోలికే కావాలి. అక్కలా నడక, అక్కలా జడ, అక్కలా మాట. చిన్నపిల్లలంతే అని నవ్వుకునేదాన్ని. నవ్వుకున్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

పెంగ్విన్ల గదికి ముందు చలికోట్లు ఇచ్చారు. మా ఆయన తొడుక్కునే ముందు కోటు లోపలికి తిప్పి కుట్టు చూసి, చంక దగ్గర దారం సరిగ్గా ముడి పడలేదని పెదవి విరిచారు. బయట ఎండ మాడ్చేస్తోంది, లోపల పళ్ళు టకటకలాడుతున్నాయి. పొడవాటి అద్దం, అవతల నల్లరాళ్ళూ మంచూ నీళ్ళమడుగూ. రాళ్ళ మధ్య బూడిదరంగు నూగుతో ఏడు పిల్లలు, పొట్టలు ముందుకేసుకుని నిలబడి ఉన్నాయి. అద్దం పైన స్పీకర్లలోంచి వాటి గోల మా చెవులకి చిల్లులు పొడుస్తోంది. జనం ఎక్కువ రాకముందే డాక్టరమ్మ మమ్మల్ని ముందు వరసలో నిలబెట్టారు. పలకలాంటి ఆ యంత్రం అలవాటు ప్రకారం ఆవిడ చంకలో ఉంది. మా ఆయన అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నారు. పిల్లలిద్దరూ ఆయన వెనక, నేను వాళ్ళ వెనక.

కాలికి నీలం పట్టీ ఉన్న తల్లి పెంగ్విన్ మడుగులోంచి ఎగిరి రాయెక్కింది. మెడ చాచి బొంగురుగా అరిచింది. అయిదు పిల్లలు అసలు పట్టించుకోలేదు. ఒకటి మాత్రం రెక్కలు వెనక్కి పెట్టి పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చింది. తల్లి దాని నోట్లో మేత పెట్టింది. చూశారా, వాటికి గుండీ అక్కర్లేదు అన్నారు డాక్టరమ్మ. అదృష్టవంతురాలు, అన్నారు మా ఆయన.

అప్పుడు రాళ్ళ వెనకనుంచి రెండోది కనిపించింది. మిగతావాటికన్నా చిన్నది. రాయి ఎక్కబోయి జారుతోంది, మళ్ళీ ఎక్కబోతోంది. తల్లి అటు వీపు పెట్టి మొదటిదానికే తినిపిస్తోంది. చిన్నది నోరు తెరిచి కీచుమని అరిచింది. తల్లి ఠక్కున మెడ తిప్పింది. తింటున్నదాన్ని వదిలేసి, రాయి దిగి, దాని దగ్గరికి నడిచింది.

తన్మయి అక్క చెయ్యి విదిలించుకుని ఎగిరింది.

"రెండోది కూడా దానిదే. నాన్నా, చూడు, రెండోది కూడా దానిదే. దానికి తెలుసు."

ఆ గొంతు విని నేనే తిరిగి చూశాను. సన్నగా, కొసలో కాస్త జీర పోయే గొంతు. గుండీ పెట్టకముందు మా ఇంట్లో రోజూ విన్న గొంతు. మా ఆయన అద్దం మీంచి ముక్కు తియ్యలేదు. వెనక్కి చూడనూ లేదు. కానీ అద్దంలో ఆయన ముఖం నాకు కనబడుతోంది. ఉప్మానాటి ముఖం అది.

"అమ్మాజీ, మన మెట్లకింద గుంట ఇక్కడికీ వచ్చిందేటే?" అన్నారు.

ఆ మెట్లకింద గుంట సంగతి ఆయన నాకు చాలాసార్లు చెప్పారు. మా వాటాకూ పక్క వాటాకూ మధ్య మేడమెట్లున్నాయి. ఆయన మిషను పెట్టుకునే గది కిటికీ అటే ఉంటుంది. నేను బడి వంటశాలలో పని ముగించుకుని వచ్చేసరికి అయిదున్నరవుతుంది, ధాత్రి ట్యూషన్ నుంచి వచ్చేసరికి ఆరు. సాయంత్రాలు మెట్లకింద ఎవరో పక్కింటి చిన్నపిల్ల గుడ్డముక్కలతో బడి ఆట ఆడుకుంటుందనీ, ఆ గొంతు వింటే తనకి ప్రాణం లేచొస్తుందనీ, మిషను ఆపుకుని మరీ వింటాననీ ఆయన చెబుతుండేవారు. పక్కవాళ్ళ చుట్టాల పిల్లయి ఉంటుందిలెండి అనేదాన్ని. డాక్టరమ్మ కూడా ఒకసారి ఫోన్ చేసి, సాయంత్రాలు గుండీలో ఏదో కదలిక కనబడుతోంది, ఆ వేళప్పుడు ఇంట్లో ఏం నడుస్తుంది అని అడిగారు. కుట్టుమిషను అన్నాను. అయితే మోటారు చప్పుడే అని ఆవిడ దాన్ని లెక్కలోంచి తీసేశారు. మెట్లకిందకి వంగి చూడాలని మా ముగ్గురు పెద్దవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

మా ఆయన నెమ్మదిగా వెనక్కి తిరిగారు. ఎదురుగా ఎర్ర రిబ్బను. తన్మయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది, ఏదో పగలగొట్టి దొరికిపోయినట్టు. తర్వాత చేతులు తీసి, గొంతు సవరించుకుని, బరువుగా, కింది స్థాయిలో, అచ్చం ధాత్రిలా, "నాన్నా" అంది.

ఆయన ముఖం తికమక పడిపోయింది. పసుపు రిబ్బను కోసం వెతుక్కున్నారు.

ధాత్రి ఏడుపు మొదలుపెట్టింది. ఏడుస్తూనే చెల్లెలి భుజం పట్టుకుంది. "అలా కాదే. నీ గొంతుతో పిలువు."

"పిలిస్తే పలకరుగా" అంది తన్మయి.

అప్పుడు ధాత్రి మొత్తం చెప్పేసింది. తన గొంతు ఎక్కిన రోజున నాన్న తనని ఎత్తుకోవడం తన్మయి చూసిందట. మర్నాడు ఆయన మిషను మీద వంగి ఉంటే వెనకనుంచి అక్కలా పిలిచిందట. ఏమ్మా ధాత్రీ, అని ఆయన పలికారట, ప్రేమగా, తిరిగి చూసేలోపు. రిబ్బను చూశాక ఆ ప్రేమ పోతుంది. పోనీ, తిరిగి చూడ్డానికి పట్టే ఆ కాస్త సేపైనా చాలంది తన్మయి. గొంతు ఎక్కడ బరువుగా పెట్టాలో, నాన్నా అన్న మాట ఎక్కడ ఆపాలో నేనే నేర్పానమ్మా, దానికి కూడా కాస్త వస్తుంది కదా అని, అంది ధాత్రి. పన్నెండేళ్ళ పిల్ల, తనకి దొరికినదాంట్లోంచి చెల్లెలికి వాటా పెట్టింది. పరిశోధనశాలలోనూ అంతే. అందరి ముందూ ఏ దీపమూ వెలగకపోతే ఎలాగని భయపడి, తన్మయి నెలనెలా అక్క గొంతే ఇచ్చింది. వెలిగిన పసుపు దీపాన్ని చూసి మేమందరం తలలు పట్టుకున్నాం.

తన్మయి ఇంకా నేలచూపులు చూస్తోంది. మా ఆయన చలికోటుతోనే తడినేల మీద చతికిలబడి కూర్చున్నారు. ముఖం దాని ముఖం ఎత్తుకి వచ్చింది. కళ్ళు మూసుకున్నారు.

"మెట్లకింద బడిలో హాజరు ఏస్తావు కదా, ఆ టీచరు గొంతుతో పిలవమ్మా నన్ను" అన్నారు.

అది అక్క వైపు ఒకసారి చూసింది. తర్వాత తన గొంతుతో, సన్నగా, కొసలో జీరతో పిలిచింది. "నాన్నా."

నేను ఆయన్నే చూస్తున్నాను గనక దీపం ఎప్పుడు వెలిగిందో చూడలేదు. డాక్టరమ్మ యంత్రాన్ని నా చేతిలో పెట్టారు. తెల్లదీపం నిండుగా వెలుగుతోంది. ఎప్పుడో ఎక్కేసిందమ్మా, నెలలై ఉంటుంది, నేను మోటారు చప్పుడనుకుని కొట్టేశాను, అని ఆవిడ ఒకటికి మూడుసార్లు అన్నారు. ఆవిడకి క్షమాపణ చెప్పాలో సంతోషించాలో తెలియలేదు. నాకు మాత్రం ఏడాదిగా గుండె మీదున్న రాయి దిగిపోయి, ఆకలి వేసింది. నిజంగా, అప్పుడు నాకు తెలిసిన మొదటి సంగతి అదే.

మా ఆయన కళ్ళు తెరిచేసరికి ఎర్ర రిబ్బను ఎదురుగానే ఉంది. ఈసారి ఆయన ముఖంలోంచి ఏదీ వెళ్ళిపోలేదు. "నువ్వేనేటే? ఏడాదిబట్టీ ఇంట్లో ఉన్నది నువ్వేనేటే, నా తల్లీ?" అని దాన్ని గుండెలకి అదుముకున్నారు. అది ఊపిరాడక కాళ్ళు తన్నుకుంది గానీ వదలమనలేదు. కాసేపటికి ఆయన ఒక చెయ్యి చాచి ధాత్రిని కూడా లాక్కున్నారు. మా వెనక వరసవాళ్ళు, కాస్త జరిగితే పెంగ్విన్లని చూసుకుంటామన్నారు. న్యాయమే అనిపించి జరిగాం.

బయట నీడన అరుగు మీద కూర్చుని పులిహోర తిన్నాం. డాక్టరమ్మని కూడా కూర్చోబెట్టాను. ఆవిడ తింటూ తింటూ మూడు చోట్లున్నాయి, ఇంకా ఉండవచ్చు, అంతా మళ్ళీ మొదటినుంచి రాయాలి అని తనలో తను మాట్లాడుకుంటున్నారు. తన్మయి నోరు మూత పడలేదు. ఏడాదిగా దాచుకున్న మాటలన్నీ సొంత గొంతుతో అయిపోవాలన్నట్టు మాట్లాడుతూనే ఉంది. మా ఆయన ప్రతి మాటకీ ఊఁ కొడుతున్నారు. రిబ్బను ఊడి ఒళ్ళో పడింది, అది చూసుకోలేదు, ఆయనా చూడలేదు.

చివరికి తన్మయి ఒక కోరిక కోరింది. ముందు తెలుపు, వెనక నలుపు, అచ్చం పెంగ్విన్లాంటి గౌను కావాలంది. ఆయన వెంటనే జేబులోంచి టేపు తీశారు. దాన్ని అరుగు మీద నిలబెట్టి భుజం, ఛాతీ, నడుం, పొడుగు కొలిచారు. కొలతల పుస్తకం ఇంటి దగ్గర ఉండిపోయింది. ఏదైనా కాగితం ఉంటే ఇయ్యవే అని నా వైపు చెయ్యి చాచారు.

సంచిలో ఉన్నది ఒకటే కాగితం. మడత విప్పకుండానే ఖాళీ వైపు పైకి పెట్టి ఇచ్చాను. డాక్టరమ్మ అది చూసి ఏదో అనబోయి, నా ముఖం చూసి, మళ్ళీ పులిహోర వైపు తలొంచుకున్నారు. అవతలి వైపు ఏముందో మా ఆయన తిప్పి చూడలేదు. మోకాలి మీద పెట్టుకుని, చెవి మీద పెన్సిలు తీసి, పైన తన్మయి అని రాసి కింద గీత గీశారు. నన్ను పేరడగలేదు.

"పొడుగు ముప్పై" అని చదువుతూ రాసుకున్నారు. తర్వాత తన్మయిని కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, ఆ అంకె పక్కన ఇంకొకటి వేశారు. "ఎదిగే గుంట కదా. రెండంగుళాలు లోపలికి మడిచి ఒగ్గుదాం. వచ్చే యేడు నేనే ఇప్పుతాను."